చెక్కుబందీ

లింగిచెట్టి వీధిలో, జెరాక్స్ మిషను పక్కన
ఒకటిన్నర కుర్చీల ఆఫీసు నాది.
నలభై ఏళ్లుగా దస్తావేజులు.
తమిళంలో రాస్తాను, తెలుగులో లెక్కపెట్టుకుంటాను.
తూర్పు: మునియమ్మ పెరడు.
పడమర: కార్పొరేషన్ కాలువ.
ఉత్తరం: కోర్టులో ఉన్నది.
దక్షిణం: వేపచెట్టు, దాని నీడతో సహా.
భూమంటే నాకు మట్టి కాదు,
నాలుగు వైపులా ఎవరున్నారన్నదే.

మొన్న లోకనాథం గారొచ్చారు,
మింట్ వీధిలో ప్లాస్టిక్ బిందెల హోల్‌సేల్.
నీళ్ళు రాని ఎండాకాలాలే ఆయన్ని పైకి తెచ్చాయి.
వెంట భార్య చంద్రమతి. చేతిలో నున్నటి పుస్తకం,
పుస్తకం నిండా నీలం.
కరీబియన్ ఒడ్డున ఏదో ఊరు,
ఆయన మూడుసార్లు పలికితే మూడు ఊళ్ళయింది.
అక్కడ మూడో అంతస్తులో నాలుగొందల పన్నెండు అడుగులు.
ఇంకా కట్టలేదు. కడతారు.
అద్దె మాత్రం ఏడాదికి ఎనిమిది శాతం, గ్యారంటీ,
శుక్రవారం లోపు సంతకం పెడితే.

సంతకం ఆమెది కూడా కావాలి. ఆమెకు ఇంగ్లీషు రాదు.
"మన భాషలో చదివి చెప్పండి" అంది.
ముప్పై ఒక్క పేజీలు చెప్పాను.
ఈతకొలను దగ్గర ఆపింది:
"పక్కనే సముద్రం పెట్టుకుని మళ్ళీ కొలనెందుకు?"
ఆయన దగ్గారు.
పద్నాలుగో షరతు దగ్గర నేనే ఆగాను.
తుపానొస్తే ఎవరి పూచీ లేదట,
అది దేవుడి పనట.
ఏ దేవుడో, ఏ ఊరివాడో రాయలేదు.

"హద్దులు చెప్పండి."

హద్దులు ఎక్కడా లేవు. వెతగ్గా వెతగ్గా
వెనక అట్ట మీద వేలెడంత పటం.
ఉత్తరం రోడ్డు. పడమర ఇంకా అమ్ముడుపోని జాగా.
తూర్పు గోల్ఫ్ మైదానం. దక్షిణం సముద్రం.
"దక్షిణానా?"
మద్రాసులో పుట్టినవాళ్ళకి సముద్రం ఒక దిక్కు,
తూర్పుకి ఇంకో పేరు.
"మరి పొద్దెక్కడ పొడుస్తుంది?"
"గోల్ఫ్ మైదానంలో" అన్నాను.
ఎవరూ నవ్వలేదు.

ఆ మిగిలిన అర కుర్చీలో, అప్పటిదాకా
పాలిథిన్ కవరు ఒళ్ళో పెట్టుకుని కాశమ్మ.
కాశిమేడు. ఏటా ఆడి మాసంలో వస్తుంది,
తన ఇల్లు ఒకప్పుడు ఉండేదని అఫిడవిట్ రాయించుకోడానికి.
ఆ ఇంటి కాగితం నా చేతి రాతే:
తూర్పు: నూట ఇరవై అడుగుల ఇసుక, ఆపైన సముద్రం.
ఇసుక తొమ్మిదేళ్ళొచ్చింది.
ఇప్పుడు మిగిలిన హద్దు పడమటి రోడ్డొక్కటే,
తక్కిన మూడూ నీళ్ళలో ఉన్నాయి.
"అందరి చేతా సంతకాలు పెట్టించావు కదా నాయనా,
దాని చేత పెట్టించావా?"
అని ఏటా అడుగుతుంది. ఏటా ముద్ర కోసం వెతుక్కుంటాను.

ఇవాళ అడగలేదు. మెడ చాచి పుస్తకం చూసింది.
"అలల్లేవే. నిద్దట్లో తీసినట్టున్నారు ఫోటో.
నిద్దరపోయేటప్పుడు అందరూ మంచోళ్ళే."

లోకనాథం గారు గడియారం చూసుకున్నారు,
డాలరు రేటు చూసుకున్నారు.
చంద్రమతి పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి
కాశమ్మ వైపు తిరిగింది.
"ఎంత దూరంలో ఉంటే మంచిదమ్మా?"
"నన్నడిగితే ఏం తెలుసు? దాన్నడుగు."

ఆమె సంతకం పెట్టింది.
తెలుగులో, ఒక్కో అక్షరం ఇటిక పేర్చినట్టు.
తర్వాత కాగితం నా వైపు తోసి,
అంచున ఖాళీ చూపించి,
"ఇక్కడ మీ చేత్తో ఒకటి రాయండి" అంది.
చెల్లదన్నాను. "చెల్లకపోయినా రాయండి."

రాశాను.
దక్షిణం: సముద్రం, ప్రస్తుతానికి.

ముద్ర వేశాక ఆఖరి మాట
సగమే కనిపిస్తోంది.